మూరెడు పూలు, డజను గాజులు



నిన్న మీ చేతి నుంచి ఎంత డబ్బు ఖర్చయింది? ఒక్కసారి గుర్తు చేసుకోండి. బియ్యానికి ఇంత. కూరగాయలకు ఇంత. పిల్లవాడి నోటుబుక్కుకు ఇంత. అన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పేస్తారు.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. మీకోసం, మీ ఒక్కరి కోసం ఎంత ఖర్చు పెట్టారు?

చాలామంది నవ్వేస్తారు. "నాకేం ఖర్చుంటుంది?" అంటారు. మూరెడు మల్లెపూలు కొన్నారు. డజను గాజులు వేసుకున్నారు. సంతకు పోయినప్పుడు ఒక టీ తాగారు. వాసన బాగుందని ఒక సబ్బు తెచ్చుకున్నారు. ఆ డబ్బు మాత్రం ఎక్కడా లెక్కలో ఉండదు. అడిగితే చెప్పడానికి సిగ్గు. చెబితే ఎవరేమంటారో అని భయం.

ఈ పాఠం ఆ చిన్న ఖర్చుల గురించే. అవి తప్పా? ఎంత పెట్టవచ్చు? కొనేటప్పుడు ఏం చూసుకోవాలి? చదువుదాం రండి.

ఇద్దరి మాటలు

కలుపు తీసి ఇద్దరు ఆడవాళ్ళు ఇంటికి వస్తున్నారు. ఒకరిని అక్క అనుకుందాం. ఇంకొకరిని చెల్లి అనుకుందాం.

అక్క: ఏం చెల్లీ, కొంగులో ఏదో దాచుకుంటున్నావు?

చెల్లి: ఏం లేదక్కా. మూరెడు మల్లెపూలు. ఇరవై రూపాయలు.

అక్క: పూలు తల్లో పెట్టుకుంటారు గానీ కొంగులో దాచుకుంటారా?

చెల్లి: మా అత్త చూస్తే ఊరుకుంటుందా? "ఇరవై రూపాయలకు కిలో టమాటాలు వచ్చేవి" అంటుంది. ఇంట్లోకి పోయాక దేవుడి పటానికి పెట్టి, మిగిలినవి నేను పెట్టుకుంటా. అప్పుడు ఏమీ అనదు.

అక్క: నీ కూలి డబ్బుతోనేగా కొన్నావు?

చెల్లి: కూలి నాదే. కానీ ఇంటికి ఇవ్వాల్సిందేగా అక్కా.

అక్క: ఇవ్వు. ఇవ్వొద్దని ఎవరన్నారు? నేనూ ఇస్తున్నా. కానీ నేను ఇంటి ఖర్చులన్నీ ఒక పుస్తకంలో రాస్తున్నా. అందులో నా పూలు కూడా రాశా. మీ బావ బీడీలు కూడా రాశా.

చెల్లి: అమ్మో! బావ ఏమీ అనలేదా?

అక్క: మొదట గొణిగాడు. నెలాఖరుకు రెండు అంకెలూ పక్కపక్కన చూశాడు. ఆ తర్వాత నా పూల సంగతి ఎత్తలేదు.

చెల్లి: నాకూ రాయడం వచ్చుగా. కూడికలూ వచ్చు. కానీ నా ఖర్చు రాయాలని ఎప్పుడూ తోచలేదక్కా.

అక్క: అదే మరి. రాయని ఖర్చు దొంగ ఖర్చులా కనిపిస్తుంది. రాసిన ఖర్చుకు ఎవరైనా లెక్క చెప్పవచ్చు.

ఒక ఇంటి లెక్క

అక్క రాసిన పుస్తకం లాంటిదే ఒకటి చూద్దాం. ఇది మనం లెక్క కోసం అనుకున్న ఇల్లు. మీ ఇంట్లో అంకెలు వేరుగా ఉంటాయి.

నెల ఆదాయం:
భర్త కూలి: 12,000 రూపాయలు
భార్య కూలి: 6,000 రూపాయలు
మొత్తం: 18,000 రూపాయలు

నెల ఖర్చు:
బియ్యం, పప్పు, నూనె, కూరలు: 6,500
పిల్లల చదువు: 1,800
గ్యాసు, కరెంటు: 1,300
మందులు, ఆసుపత్రి: 900
సంఘం పొదుపు, అప్పు వాయిదా: 2,500
భర్త బీడీలు, హోటలు టీలు, తాగుడు: 3,000
సెల్ ఫోన్లు: 600
పండగలు, పెళ్ళిళ్ళు, కట్నకానుకలు: 1,200
భార్య పూలు, టీ, గాజులు, బొట్టు బిళ్ళలు: 150
మొత్తం: 17,950 రూపాయలు

మిగిలింది 50 రూపాయలు.

ఇప్పుడు రెండు అంకెలు చూడండి. ఒకటి 3,000. ఇంకొకటి 150. మూడు వేలలో నూటయాభై ఎన్నిసార్లు పోతుంది? 20 సార్లు. అంటే ఆమె ఒక రూపాయి తనకోసం ఖర్చు పెడితే ఆయన ఇరవై రూపాయలు ఖర్చు పెడుతున్నాడు. ఏడాదికి ఆమె ఖర్చు 1,800. ఆయన ఖర్చు 36,000.

అయినా "దుబారా" అనే మాట ఎవరికి తగులుతుంది? మీరే చెప్పండి.

పొద్దంతా ఎండలో పనిచేసిన మగవాడు ఒక టీ తాగాలనుకోవడం తప్పు కాదు. పొద్దంతా ఎండలో పనిచేసిన ఆడమనిషి ఒక టీ తాగాలనుకోవడం కూడా తప్పు కాదు. ఇద్దరి ఖర్చూ ఒకే పుస్తకంలో ఉండాలి. ఇద్దరి ఖర్చుకూ ఒక హద్దు ఉండాలి.

లెక్క అడిగిన నెల్లూరు ఆడవాళ్ళు

ఇంటి డబ్బు ఎటు పోతోందని అడగడం మన రాష్ట్రంలో కొత్త కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. రాత్రిబడుల్లో ఆడవాళ్ళు చదువు నేర్చుకున్నారు. వాళ్ళ వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది. సారా వల్ల ఒక ఇల్లు ఎలా పాడయిందో అందులో ఉంది. దాని గురించి వాళ్ళు మాట్లాడుకున్నారు. తమ ఇళ్ళ సంగతి ఆలోచించారు.

దూబగుంట అనే ఊళ్ళో ఆడవాళ్ళు సారాను అడ్డుకున్నారు. 1992లో ఆ ఉద్యమం ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా అమ్మకం నిషేధించారు.

ఆ తర్వాత అదే జిల్లాలో ఆడవాళ్ళు రోజుకు ఒక్క రూపాయి చొప్పున దాచడం మొదలుపెట్టారు. దాన్ని పొదుపులక్ష్మి అన్నారు. అలా సంఘాలు పెరిగాయి.

ఒక్క రూపాయికి విలువ ఉందని వాళ్ళు చూపించారు. దాచే రూపాయికి విలువ ఉన్నట్టే, మన సంతోషానికి పెట్టే రూపాయికీ విలువ ఉంది. అందుకే దాన్ని కూడా చూసి ఖర్చు పెట్టాలి. ఎలాగో ఒక్కొక్క వస్తువూ తీసుకుని చూద్దాం.

పూలు కొనేటప్పుడు

పూలు మూర లెక్కన అమ్ముతారు. మూర అంటే మోచేతి నుంచి మధ్యవేలి కొన దాకా ఉండే పొడవు. సుమారు 45 సెంటీమీటర్లు. కానీ అందరి చెయ్యీ ఒకటి కాదు. పొట్టి చేతి మూర చిన్నది. పొడుగు చేతి మూర పెద్దది. అందుకే అమ్మే మనిషి కొలిచాక మీ చేత్తో మీరూ ఒకసారి కొలవండి.

పొడవు ఒక్కటే చూస్తే చాలదు. దండ ఒత్తుగా కట్టారా, ఎడంగా కట్టారా చూడండి. ఎడంగా కట్టిన మూరలో పూలు తక్కువ. దారమే ఎక్కువ.

విడిపూలు తూకం మీద దొరికితే కొనండి. ఇంట్లో మీరే కట్టుకోవచ్చు. కట్టుకూలి మిగులుతుంది. పక్కింటి పిల్లకూ ఒక జానెడు ఇవ్వవచ్చు.

మల్లె మొగ్గగా ఉన్నప్పుడే కొనాలి. తెల్లవారుజామున కోసిన మొగ్గ సాయంత్రానికి విచ్చుకుంటుంది. తడిగుడ్డలోనో, అరిటాకులోనో చుట్టి పెడితే వాడదు. కనకాంబరానికి వాసన లేదు. కానీ మల్లె కన్నా ఎక్కువసేపు నిలుస్తుంది.

కాలాన్ని బట్టి పూలు కొంటే చవక. మల్లె ఎండాకాలానిది. సన్నజాజి వానాకాలానిది. చామంతి చలికాలానిది. శ్రావణ శుక్రవారాల్లో, పెళ్ళి ముహూర్తాల్లో అన్ని పూలకూ ధర పెరుగుతుంది. ఆ రోజుల్లో మూరకు బదులు జానెడు కొంటే చాలు.

ఇంటిముందు కాస్త చోటుంటే ఒక మల్లె అంటు నాటండి. ఎండ బాగా తగిలే చోట పెట్టండి. చలికాలంలో కొన్నాళ్ళు నీళ్ళు తగ్గించి కొమ్మలు కత్తిరించండి. తర్వాత నీళ్ళు, ఎరువు వేస్తే కొత్త చిగుళ్ళు వస్తాయి. ఎండాకాలానికి ఆ చిగుళ్ళకే మొగ్గలు వస్తాయి.

గాజుల మీద అంకెలు

గాజుల దుకాణంలో "2-4 ఇవ్వండి", "2-6 ఇవ్వండి" అంటాం. ఆ అంకెలకు అర్థం ఏమిటి?

అది గాజు లోపలి అడ్డకొలత. అంటే ఈ అంచు నుంచి ఆ అంచుకు నడుమ ఉన్న దూరం. మొదటి అంకె అంగుళాలు. రెండో అంకె అంగుళంలో పదహారో వంతులు. 2-4 అంటే రెండు అంగుళాలు, ఇంకా పదహారింట నాలుగు వంతులు. పదహారింట నాలుగు అంటే పావు. కాబట్టి 2-4 అంటే రెండుంపావు అంగుళాలు. 2-8 అంటే రెండున్నర అంగుళాలు.

మీ కొలత ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఎవరైనా పట్నం పోతుంటే ఆ అంకె చెప్పి తెప్పించుకోవచ్చు. గాజులు చిన్నవై చిట్లిపోవు. పెద్దవై జారిపోవు. డజను అంటే పన్నెండు. తీసుకునేటప్పుడు లెక్కపెట్టుకోండి. ఒక్కొక్కటీ వెలుతురులో చూడండి. గీత పడిన గాజు తొడిగేటప్పుడు పగిలి చేతికి గుచ్చుకుంటుంది.

మట్టిగాజులు అంటాం కదా! గాజును ఇసుక నుంచి చేస్తారు. ఇసుకలో సోడా లాంటివి కలిపి పెద్ద కొలిమిలో కరిగిస్తారు. కరిగిన గాజును సన్నని తీగలా లాగుతారు. తిరిగే కడ్డీకి చుట్టలు చుట్టలుగా చుడతారు. ఆ చుట్టలను కోస్తే విడి గాజులు వస్తాయి. కోసిన చోట రెండు కొసలూ విడిగా ఉంటాయి. వాటిని మంట మీద పెట్టి అతకాలి.

మన దేశంలో గాజులకు పేరున్న ఊరు ఫిరోజాబాద్. ఉత్తరప్రదేశ్‌లో ఆగ్రా దగ్గర ఉంది. అక్కడ అతికే పని చాలావరకు ఇళ్ళలో జరుగుతుంది. ఎక్కువగా ఆడవాళ్ళే చేస్తారు. చిన్న మంట ముందు గంటల తరబడి కూర్చుని ఒక్కొక్క గాజూ అతుకుతారు. మన చేతికి వేసుకున్న గాజు వెనక ఇంకో ఆడమనిషి కష్టం ఉంది. పదిమంది దుబారా అన్నా, అది ఒక ఇంట్లో పొయ్యి వెలిగించే డబ్బే.

లక్కగాజులు వేరు. చెట్ల కొమ్మల మీద ఒక రకం పురుగులు లక్కను తయారు చేస్తాయి. ఆ లక్కను బొగ్గుల మీద మెత్తబరిచి గాజుగా వంచుతారు. పైన రంగురాళ్ళు అతుకుతారు. హైదరాబాదులో చార్మినారు పక్కన లాడ్ బజారు వీటికి పేరుపొందింది. 2024లో హైదరాబాదు లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఎక్కడో చేసిన గాజులకు ఆ పేరు పెట్టి అమ్మకూడదు.

భర్త పోతే గాజులు తీసేయాలా?

ఈ మాట కూడా మాట్లాడుకోవాలి. మన సంఘంలో, మన బడిలో భర్త పోయిన అక్కలు ఉన్నారు. వాళ్ళు పూలవాళ్ళ బుట్ట వైపు చూడరు. గాజులవాళ్ళు వస్తే లోపలికి పోతారు. వాళ్ళకు ఇష్టం లేక కాదు. నలుగురూ ఏమంటారోనని.

ఆలోచించండి. మనకు పూలు ఎవరు పెట్టారు? చిన్నప్పుడు అమ్మ జడ వేసి పెట్టింది. గాజులు ఎవరు తొడిగారు? నాయనమ్మో, అమ్మమ్మో తొడిగించింది. బొట్టు కూడా అంతే. ఇవన్నీ పెళ్ళికి ముందే మనకు ఉన్నాయి. పెళ్ళితో రానివి భర్తతో ఎందుకు పోవాలి?

కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. ఎందరో ఎదిరించినా ఆయన ఆగలేదు. అది జరిగి నూట నలభై ఏళ్ళు దాటింది.

మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లాలో హెర్వాడ్ అనే ఊరు ఉంది. 2022 మే నెలలో ఆ ఊరి పంచాయతీ ఒక తీర్మానం చేసింది. భర్త చనిపోతే భార్య గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం, మెట్టెలు తీసేయడం మన ఊళ్ళో ఇక ఉండకూడదని రాసుకున్నారు. అదే నెలలో మహారాష్ట్ర ప్రభుత్వం మిగిలిన పంచాయతీలను కూడా అలాగే చేయమని కోరింది.

గాజులు వేసుకోవాలా వద్దా అన్నది ఆ మనిషి ఇష్టం. వేసుకోమని బలవంతం వద్దు. వేసుకోవద్దని బలవంతం వద్దు. కానీ మనం గాజులు కొనేటప్పుడు ఆ అక్కను కూడా పిలవవచ్చు. "నీ కొలత ఎంతక్కా?" అని అడగవచ్చు. ఆ ఒక్క మాటకు డబ్బు ఖర్చు లేదు.

సబ్బు, షాంపూ: అట్ట మీద చదవండి

చదువు రాకముందు అట్ట మీద బొమ్మ చూసి కొన్నాం. ఇప్పుడు అక్షరాలు, అంకెలు చూసి కొందాం.

ప్యాకెట్ మీద ఎమ్మార్పీ అని ఉంటుంది. అంటే గరిష్ఠ చిల్లర ధర. పన్నులన్నీ అందులోనే కలిసి ఉంటాయి. అంతకన్నా ఒక్క రూపాయి కూడా ఎక్కువ తీసుకోకూడదు. తక్కువకు ఇవ్వవచ్చు. బరువు ఎంతో, ఎప్పుడు తయారైందో కూడా అట్ట మీద ఉంటుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బు, షాంపూ, తలనూనె మీద పన్ను తగ్గింది. నూటికి 18 రూపాయలు ఉండేది 5 రూపాయలైంది. కుంకుమ, బొట్టు బిళ్ళలు, మట్టిగాజుల మీద జీఎస్టీ పన్ను లేనే లేదు.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. రెండు సబ్బులు ఉన్నాయి.

మొదటి సబ్బు: 100 గ్రాములు, ధర 40 రూపాయలు.
రెండో సబ్బు: 75 గ్రాములు, ధర 36 రూపాయలు.

ఏది చవక? ధర చూస్తే రెండోది చవక అనిపిస్తుంది. గ్రాముకు ఎంత పడిందో చూడండి. మొదటిది గ్రాముకు 40 పైసలు. రెండోది గ్రాముకు 48 పైసలు. మొదటిదే చవక.

ఇంకో లెక్క. షాంపూ చిన్న ప్యాకెట్ 6 మిల్లీలీటర్లు, ధర 2 రూపాయలు అనుకుందాం. సీసా 180 మిల్లీలీటర్లు, ధర 150 రూపాయలు అనుకుందాం. సీసాలో ఎన్ని ప్యాకెట్ల షాంపూ ఉంది? 180ని 6తో భాగిస్తే 30. ముప్ఫై ప్యాకెట్లకు 60 రూపాయలు. సీసాకు 150 రూపాయలు. ఇక్కడ చిన్న ప్యాకెట్లే చవక! పెద్దది ఎప్పుడూ చవక అనుకోకండి. చిన్నది ఎప్పుడూ చవక అనుకోకండి. భాగించి చూడండి.

ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకున్నా, పాడైన సరుకు ఇచ్చినా బిల్లు దాచండి. 1915 నంబరుకు ఫోన్ చేయండి. అది వినియోగదారుల సహాయ నంబరు. డబ్బు కట్టనక్కరలేదు.

ఇవి వద్దు

కోరిక చిన్నదైనా కీడు పెద్దదిగా ఉండేవి కొన్ని ఉన్నాయి.

ఒకటి. తెల్లబడే క్రీములు. ఊరూ పేరూ లేని డబ్బాల్లో అమ్ముతారు. వారంలో తెల్లబడతారని చెబుతారు. కొన్నిటిలో పాదరసం కలుపుతారు. అది చర్మం గుండా ఒంట్లోకి పోయి కిడ్నీలను పాడు చేస్తుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవారికి కిడ్నీ జబ్బు వచ్చినట్టు డాక్టర్లు కనిపెట్టారు. కొన్ని క్రీముల్లో స్టెరాయిడ్ మందు ఉంటుంది. డాక్టరు చెప్పకుండా అది రాస్తే చర్మం పలచబడుతుంది. మొటిమలు, మచ్చలు వస్తాయి. తయారు చేసినవారి పేరు, చిరునామా లేని డబ్బా ముట్టుకోకండి. అయినా, మన నలుపుకు ఏం తక్కువ? నల్లరేగడిలో పంట పండటం లేదా?

రెండు. పొగాకు, గుట్కా, జర్దా. "ఆకూ వక్కలో కాస్త వేసుకుంటా" అంటారు. ఆ కాస్తే నోటి క్యాన్సరు తెస్తుంది.

మూడు. అప్పు మీద కొనే సరదా. అప్పు చేసి పప్పుకూడు అని పెద్దలు అన్నారు. ఒక చీర 2,000 రూపాయలు. చేతిలో లేవు. నూటికి నెలకు అయిదు రూపాయల వడ్డీకి తెచ్చారు. నెలకు వడ్డీ 100. ఏడాదికి 1,200. అసలు అలాగే ఉంది. ఏడాది తర్వాత తీరిస్తే ఆ చీర ఖరీదు 3,200 అయింది. అదే నెలకు 200 దాస్తే పది నెలల్లో చీర వస్తుంది. వడ్డీ లేదు. ఎవరి గడపా తొక్కనక్కరలేదు. వాయిదాల మీద అమ్మే వస్తువు కూడా ఇంతే. వాయిదా ఎంత అని కాదు, అన్ని వాయిదాలూ కలిపితే ఎంత అని అడగండి.

మనకోసం ఎంత పెట్టాలి?

ఇంత అని ఎవరూ చెప్పలేరు. ఎవరి ఇల్లు వారిది. ఒక పద్ధతి చెబుతాం. నచ్చితే చేయండి.

వంద రూపాయలు సంపాదిస్తే మూడు రూపాయలు విడిగా ఒక డబ్బాలో వేయండి. దాని మీద "నాకోసం" అని రాయండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు కదా!

నెలకు 6,000 సంపాదిస్తే డబ్బాలో 180 రూపాయలు పడతాయి. నాలుగు శుక్రవారాలు మూరెడు పూలు, మూరకు 20 చొప్పున 80 రూపాయలు. నాలుగు సంతలకు నాలుగు టీలు, 40 రూపాయలు. గాజులకు, బొట్టు బిళ్ళలకు 30 రూపాయలు. మొత్తం 150. ఇంకా 30 మిగిలింది. ఏడాదికి 360 రూపాయలు. సంక్రాంతికి నచ్చిన రవికగుడ్డ వస్తుంది.

సొంత కూలి లేనివారు ఏం చేయాలి? ఇంట్లో వంట, నీళ్ళు, గొడ్లు, పిల్లలు అన్నీ చూసేది మీరే. ఆ పనికి కూలి ఎవరూ కట్టకపోయినా అది పనే. ఇంటి ఆదాయంలో మీ వంతు కొద్దిగా అడగండి. చాటుగా తీయకండి. చెప్పి తీసుకోండి.

ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సులో ఉచిత ప్రయాణం వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఇది ఉంది. గుర్తింపు కార్డు చూపాలి. సంతకు పోయిరావడానికి మిగిలిన చార్జీలో కొంత ఆ డబ్బాలో వేయవచ్చు.

ఇంట్లో జబ్బు చేసింది, పిల్లవాడి ఫీజు కట్టాలి. అప్పుడు డబ్బా తీయాల్సి వస్తుంది. తీయండి. కానీ ఎంత తీశారో రాయండి. ప్రతిసారీ అమ్మ డబ్బాయే ఖాళీ అవుతుంటే, నాన్న బీడీల డబ్బు కూడా ఆ నెల తగ్గాలని చెప్పండి. పుస్తకం ముందు పెట్టి చెప్పండి. కోపం అక్కరలేదు. అంకెలు చాలు.

మీ కూతుళ్ళు మిమ్మల్ని చూస్తుంటారు. అమ్మ ఎప్పుడూ తనకేమీ వద్దంటే, వద్దనడమే ఆడవాళ్ళ పని అని వాళ్ళు నేర్చుకుంటారు. అమ్మ లెక్క రాసి, హద్దు పెట్టుకుని, నచ్చిన పూలు కొని తల్లో పెట్టుకుంటే వాళ్ళు అది కూడా నేర్చుకుంటారు.

కొత్త మాటలు

దుబారా: అక్కరలేని ఖర్చు
ఎమ్మార్పీ: గరిష్ఠ చిల్లర ధర
అడ్డకొలత: గుండ్రటి వస్తువుకు ఈ అంచు నుంచి ఆ అంచుకు మధ్యగా ఉన్న దూరం
తీర్మానం: నలుగురూ కూర్చుని తీసుకున్న నిర్ణయం
భౌగోళిక గుర్తింపు: ఒక ఊరి వస్తువుకు ఆ ఊరి పేరు మీద ఇచ్చే హక్కు

చెప్పండి

1. చెల్లి పూలు కొంగులో ఎందుకు దాచుకుంది?
2. 2-6 గాజు అంటే ఎంత కొలత?
3. తెల్లబడే క్రీముల్లో ఏం కలుపుతారు? దానివల్ల ఏ అవయవం పాడవుతుంది?
4. హెర్వాడ్ పంచాయతీ ఏమని తీర్మానం చేసింది?

లెక్క చేయండి

1. నెలకు 4,000 రూపాయల కూలి వస్తే, వందకు మూడు చొప్పున డబ్బాలో ఎంత పడుతుంది?
2. ఒక సబ్బు 125 గ్రాములు, ధర 50 రూపాయలు. ఇంకొకటి 60 గ్రాములు, ధర 27 రూపాయలు. గ్రాముకు ఏది చవక?
3. 3,000 రూపాయలు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. పది నెలల తర్వాత మొత్తం ఎంత కట్టాలి?

రాయండి

మీ ఇంటి ఒక నెల ఖర్చు పట్టిక రాయండి. అందులో మీ పేరు మీద ఒక వరస పెట్టండి. పోయిన నెల మీకోసం ఏం కొన్నారో, ఎంతకు కొన్నారో ఆ వరసలో రాయండి. ఏమీ కొనకపోతే సున్నా రాయండి.

మాట్లాడుకోండి

పట్టికలు తీసుకుని సంఘంలో అందరూ కూర్చోండి. ఎంతమంది వరసలో సున్నా ఉంది? ఎందుకు ఉంది? వచ్చే నెలకు ఆ సున్నా ఎలా పోతుంది? ఒకరికొకరు చెప్పుకోండి.